తర్వాతి దానికి కాస్త మిగుల్చుకో



నువ్వు ట్రయథ్లాన్‌లోకి దిగుతానన్నావట. రేపల్లె బ్యాంకులో కుదురుగా ఉద్యోగం చేసుకునే పిల్లకి ఈ ఈతలూ పరుగులూ ఏమిటని మీ అమ్మ గాభరా పడుతోంది. దానికి నేను నచ్చజెప్పుకుంటాలే. ఉద్యోగమంతా తెనాలిలో ఆడపిల్లలకి డ్రిల్లు టీచరుగా చేసినదాన్ని. ఆడతానన్న పిల్లని ఆపిన పాపం నాకొద్దు. కాకపోతే దిగేముందు నాలుగు మాటలు విను. ఎన్ని చెప్పినా అన్నీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి: ఈ ఆటలో ఏ పనికీ ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెట్టకూడదు, తర్వాతి దానికి కాస్త మిగుల్చుకోవాలి.

ముందు లెక్క తెలుసుకో. ఈత, సైకిలు, పరుగు, ఇదే వరస. మధ్యలో గడియారం ఆగదు, బట్టలు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన పోటీలో 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే తెనాలి నుంచి రేపల్లెకి రైలుదారి 34 కిలోమీటర్లు, సైకిలు అంతకంటే ఇంకొంచెం ఎక్కువ తొక్కాలి. పరుగు ఇంచుమించు బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం దాకా. ఇందులో సరిగ్గా సగం ఉండేదాన్ని స్ప్రింట్ అంటారు: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. నీ మొదటి పోటీ ఇదే కావాలి. నువ్వు ఫోన్లో చూసి మురిసిపోయిన గోవా పోటీ 2019లో మొదలైంది. అందులో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిలు 90, పరుగు 21. అదీ ఐరన్‌మ్యాన్ అనే పెద్ద పోటీలో సగమే. మొదటి ఏడాదే అటు చూశావంటే ఆదిలోనే హంసపాదు.

చిన్న పోటీ అని చిన్నతనం అనుకోకు, ఈ ఆట పుట్టిందే చిన్నగా. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగోలో మిషన్ బే దగ్గర 46 మంది సాయంత్రం పూట సరదాకి చేరారు. ఈత అర కిలోమీటరు కూడా లేదు, సైకిలు ఎనిమిది కిలోమీటర్లు. అందులో పాల్గొన్న కాలిన్స్ దంపతులే నాలుగేళ్ల తర్వాత 1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ పెట్టారు. దానికి దిగింది 15 మంది, పూర్తిచేసింది 12 మంది. ఆ మహానుభావులే చిన్నదానితో మొదలుపెట్టారు. మనకేం తొందర?

ఇక నీళ్లు. సైకిలు మీద అలిసిపోతే దిగి నిలబడొచ్చు, పరుగులో అలిసిపోతే నడవొచ్చు. నీళ్లలో ఆ వీల్లేదు. సత్తువ ఉండగానే ఆ గండం గట్టెక్కించడానికే ఈతని మొదట పెడతారు. కాబట్టి నీ సాధనలోనూ అదే మొదలు.

ఈత వచ్చంటావు. మన డెల్టా పిల్లలందరూ అదే మాట అంటారు. నడుముకి సొరబుర్రో మునగబెండో కట్టుకుని కాలువలో నేర్చుకున్న ఈత నాదీ. తల పైకెత్తి, చేతులు టపటపలాడించి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరడానికి అది చాలు. కానీ దాంతో 750 మీటర్లు పోలేవు. తల పైకి లేచిందంటే నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, ఒళ్లంతా నీటికి అడ్డం పడుతుంది. పాతిక మీటర్ల కొలనులో ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పై సార్లు ఈదాలి నువ్వు. దానికి బలం కంటే పద్ధతి ముఖ్యం.

ఆ పద్ధతిలో సగం ఊపిరి. బిగబట్టడం కాదు, వదలడం నేర్చుకోవాలి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతోనూ నోటితోనూ బుడగలుగా వదులుతూనే ఉండాలి. అలా వదిలితే తల పక్కకి తిప్పగానే కొత్త గాలి దానంతటదే లోపలికి వస్తుంది. వదలకుండా పీల్చబోతే లోపల చోటే ఉండదు, గుండె దడ మొదలవుతుంది, కొత్తవాళ్లు బెదిరిపోయేది అక్కడే. దీనికి కొలను కూడా అక్కర్లేదు. పెద్ద బేసిన్ నిండా నీళ్లు పోసుకుని, ముఖం ముంచి, మనసులో మూడు లెక్కపెడుతూ బుడగలు వదులు. ఒక చెవి నీళ్లలోనే ఉంచి తల పక్కకి తిప్పి పీల్చు. మళ్లీ ముంచు. చూసినవాళ్లు నవ్వితే నవ్వనీ. ఇంకో మాట, కాళ్లతో నీళ్లని చితకబాదకు. ఒళ్లు తేలడానికి సరిపడా ఆడిస్తే చాలు. ఆ కాళ్లతోనే ఇంకా సైకిలు తొక్కాలి, పరుగెత్తాలి.

నేర్చుకోవడం మాత్రం కొలనులోనే, నేర్పేవాళ్ల కళ్లముందే. గుంటూరులోనో విజయవాడలోనో చేరు. ఆడవాళ్లకి విడిగా సమయం ఉందా, ఒడ్డున కాపలా ఉండేవాళ్లకి ప్రాణం కాపాడే శిక్షణ ఉందా, ఈ రెండూ అడిగి మరీ డబ్బు కట్టు. బట్టలకి మొహమాటపడకు, మోచేతులూ మోకాళ్లూ కప్పే ఈత సూట్లు దొరుకుతున్నాయి. చుడీదార్‌తో మాత్రం దిగకు, నీళ్లలో చున్నీ కాళ్లకో మెడకో చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నెలసరి రోజుల్లో ఏం చెయ్యాలో డాక్టరమ్మని సూటిగా అడుగు. సిగ్గుపడి నెలనెలా వారమేసి మానేస్తే వచ్చిన ఈత కూడా పోతుంది.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కృష్ణ నీళ్లు మన ఊళ్లలో పారుతున్నాయి. తెనాలి మధ్యలోంచే మూడు కాలువలు పోతాయి. ఇంటి ముందు నీళ్లు పెట్టుకుని గుంటూరు దాకా ఎందుకని నీకు అనిపిస్తుంది. కానీ లాకుల దగ్గర, తూముల దగ్గర పైకి కనపడని లాగుడు ఉంటుంది. సిమెంటు చేసిన గట్టుకి నాచు పడితే పట్టు దొరకదు, ఎక్కి రాలేవు. గుర్రపుడెక్క కాళ్లకి చుట్టుకుంటుంది, అడుగున గాజుపెంకులుంటాయి, ఊళ్ల మురుగంతా అందులోనే. పెనుమూడి దగ్గర కృష్ణ వెడల్పుగా, చల్లగా ఊరిస్తూ ఉంటుంది. అక్కడా ఒంటరిగా దిగొద్దు.

సూర్యలంక సంగతి ఇంకా జాగ్రత్తగా విను. అక్కడ మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు పేపర్లో ఎన్ని చదవలేదూ! సముద్రంలో కెరటాలు విరుగుతున్న చోటు చూసి అందరూ భయపడతారు. రెండు కెరటాల వరసల మధ్య నీరు నిమ్మళంగా కనిపించే సందు ఉంటుంది చూడు, చాలాసార్లు మనిషిని లోపలికి లాగేది అదే. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే వెనక్కి పోతాయి. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకు, నిమిషాల్లో అలిసిపోతావు. తేలుతూ, ఒడ్డు పొడవునా పక్కకి ఈదు, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరుగు, చెయ్యి పైకెత్తి పిలువు. ఈ సంగతంతా తెలిసినా సరే, కొలనులో ఆగకుండా వెయ్యి మీటర్లు ఈదే దాకా సముద్రం జోలికి పోకు. ఆ తర్వాత కూడా తెలిసినవాళ్ల గుంపుతోనే. పోటీ ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న ఈత కొలనులోనా, బయటి నీళ్లలోనా అన్నదే. హైదరాబాదులో కొలనులో ఈత పెట్టిన పోటీలు జరిగాయి. మొదటిసారికి అలాంటిదే వెతుక్కో. బయటి నీళ్లలో పోటీ అయితే ఇది గుర్తుంచుకో: బెదురు పుడితే వెల్లకిలా తిరగొచ్చు, కాపలా పడవని పట్టుకుని దమ్ము తీసుకోవచ్చు. పడవతోపాటు ముందుకి సాగకపోతే తప్పు పట్టరు.

వయసు దాటిపోయిందని మాత్రం అనకు. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నీళ్లంటే భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత మొదలుపెట్టింది. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధి, ముప్పై కిలోమీటర్లు, పదమూడు గంటలకు పైగా ఈదింది. నీకింకా ముప్పై రాలేదు.

సైకిలు దగ్గరికొస్తే, అందరూ డబ్బు తగలేసేది ఇక్కడే. లక్షలు పోసి కార్బన్ సైకిలు కొన్నా తొక్కాల్సింది నీ కాళ్లే. తమ్ముడి గేర్ల సైకిలు మూలన పడుంది కదా, దాన్ని షాపులో ఇచ్చి బ్రేకులు, చైను, బేరింగులు చూపించు. పోటీలో వాళ్లు చూసేది రెండు బ్రేకులూ పడుతున్నాయా, తల మీద సరైన హెల్మెట్ ఉందా, హ్యాండిల్ గొట్టాల చివర మూతలున్నాయా అని. కిందపడితే మూత లేని గొట్టం పొట్టలో దిగుతుంది, అందుకే ఆ నియమం. సీటు ఎత్తు ఇలా చూసుకో: సీటు మీద కూర్చుని, పెడలు అడుగుకి తెచ్చి, దాని మీద మడమ పెడితే కాలు చక్కగా చాపినట్టుండాలి. పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు కిందికుంటే మోకాళ్ల నొప్పులు, పైకుంటే నడుం నొప్పి. పంచరు పడితే ట్యూబు మార్చుకోవడం నువ్వే నేర్చుకో, పోటీలో బయటివాళ్లు చెయ్యి వేస్తే ఒప్పుకోరు.

మన డెల్టాలో గుట్టలు లేవు కాబట్టి సుఖం అనుకుంటావు. ఇక్కడ గాలితోనే పేచీ. పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. అప్పుడు బాపట్ల నుంచి సూర్యలంక వైపు తొక్కితే తెలుస్తుంది, చదునైన రోడ్డే ఎక్కుడు రోడ్డులా ఉంటుంది. ఎదురుగాలిలో పంతానికి పోకు. తేలిక గేరులోకి మార్చి, కాళ్లు చకచకా తిరిగేలా తొక్కు. బరువు గేరులో తొక్కి వేగం చూపిస్తే ఆ బాకీ పరుగులో తీర్చాలి.

రోడ్ల సంగతి నీకు తెలియనిది కాదు. నూర్పిళ్లయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద చక్రం జారితే ఇక అంతే. నిజాంపట్నం వైపు నుంచి చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లూ అంతే. హైవే మీద సాధన వద్దు, తెల్లవారకముందు చీకట్లో అసలు వద్దు. వేమూరు, భట్టిప్రోలు వైపు ఊళ్ల మీదుగా, వెలుగు వచ్చాక, ఇంకొకరు తోడుగా వెళ్లు. శని, ఆదివారాలు సూర్యలంక రోడ్డు మీద కార్ల రద్దీ, ఆ రోడ్డు మామూలు రోజుకి ఉంచుకో. ఎటు వెళ్తున్నావో ఇంట్లో చెప్పి కదులు.

ఈతకీ సైకిలుకీ మధ్య, సైకిలుకీ పరుగుకీ మధ్య సామాన్లు మార్చుకునే చోటు ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు కంగారుపడేది అక్కడే. ముందురోజే ఇంటి వాకిట్లో తువ్వాలు పరిచి సర్ది చూసుకో. హెల్మెట్ బోర్లించకుండా, పట్టీలు రెండు పక్కలకీ వదిలి, హ్యాండిల్ మీద. కళ్లద్దాలు దాని లోపల. బూట్లు నోరు తెరిచి, మేజోళ్లు సగం మడిచి వాటి మీద. నంబరు బెల్టు పక్కన, టోపీ ఆ పక్కన. నీళ్లలోంచి రాగానే ముందు హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాకే సైకిలు ముట్టుకోవాలి. తిరిగొచ్చాక సైకిలు స్టాండులో పెట్టాకే పట్టీ విప్పాలి. తడి చేతులతో ఆ పట్టీ బిగించడం కూడా వాకిట్లోనే అలవాటు చేసుకో.

పరుగు అందరికీ వచ్చినట్టే ఉంటుంది. సైకిలు దిగి పది అడుగులు వేస్తే తెలుస్తుంది, కాళ్లు మనవి కావు. అందుకని వారానికి ఒకసారి సైకిలు దిగిన వెంటనే పది నిమిషాలు మెల్లగా పరుగెత్తు. కొన్ని వారాలకి ఒళ్లు అలవాటుపడుతుంది. విడిగా పరుగెత్తే రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా నడక తగ్గించుకో. పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగమే నీ వేగం. సూర్యలంకలో పొడి ఇసుకలో పరుగెత్తి పిక్కలు పట్టేయించుకోకు, నీళ్లు తగిలి గట్టిపడ్డ అంచున పరుగెత్తు. డబ్బు ఖర్చు పెట్టాలని ఉంటే మంచి బూట్లకి పెట్టు.

ఎండని లెక్కచెయ్యనిదే ఆట లేదు మన దగ్గర. తీరం గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే గాని ఆరదు, ఒళ్లు చల్లబడదు. పొద్దున్నే ముగించు. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు తాగు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆగిపో, నీడకి చేరు, తడిగుడ్డలు వేయించుకో, ఆసుపత్రికి పో. తిండికి పొడుల డబ్బాలు అక్కర్లేదు. పోటీకి రెండు గంటల ముందు ఇడ్లీ, దార్లో కొల్లూరు లంకల అరటిపండు చాలు. పోటీ రోజున కొత్త తిండి, కొత్త బూట్లు రెండూ పనికిరావు.

వీటన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించుకో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఆయాసమొస్తే సాధన చాలలేదని మనల్ని మనం తిట్టుకుంటాం, లోపం ఒంట్లో ఇనుము లేకపోవడం కావచ్చు. మన ఇంట్లో గుండెజబ్బులున్నాయి కాబట్టి డాక్టరుకి ఆ ముక్క కూడా చెప్పు.

ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెడితే ఏమవుతుందో ఒక కథ చెబుతా. 1982లో హవాయి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ అనే కాలేజీ పిల్ల చివరిదాకా ముందుంది. ముగింపు గీత కొద్ది దూరంలో ఉండగా కాళ్లు సహకరించక కూలబడింది. లేచింది, పడింది. వెనకనున్న కేథలీన్ మెకార్ట్‌నీ దాటిపోయి గెలిచింది. జూలీ పాకుతూ వెళ్లి గీత తాకింది. టీవీలో అది చూసి లోకమంతా కళ్లు తుడుచుకుంది, దాన్ని చూసే ఎందరో ఈ ఆటకి వచ్చారు. ఆ పిల్ల పట్టుదలకి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ నీకు మాత్రం అది ఆదర్శం కాదు. సోమవారం పొద్దున బ్యాంకు కౌంటర్లో నవ్వుతూ కూర్చోగలిగినంత సత్తువ మిగుల్చుకునే నువ్వు గీత దాటాలి. నీ వరస ముప్పయ్యోదైనా మూడొందలోదైనా నాకొకటే.

మిగుల్చుకోవడమంటే ఒంటి సత్తువ ఒక్కటే కాదు. వారంలో ఒక రోజు ఏ సాధనా లేకుండా ఉంచు. నిద్ర తగ్గించి సాధన చెయ్యకు. పెళ్లిచూపులున్నాయనో, ఆడిట్ ఉందనో ఒక వారం పోతే పోనీ, పోయిన వారాన్ని తర్వాతి వారంలో కుక్కకు. జీతంలోంచి పోటీ ఫీజుకి, ప్రయాణానికి పక్కన పెట్టాకే సామాన్లు కొను.

మన ఋతువుల ప్రకారమే పంచుకో. ఉగాది వెళ్లింది, ఈ వేసవంతా ఈతే. పరుగు పేరుకి రెండు రోజులు. తొలకరి పడ్డాక ఎండ తగ్గుతుంది, వాన తెరపిచ్చినప్పుడల్లా సైకిలు కలుపుకో. దసరా దాటాక మూడూ కలిపి వారానికి రెండేసి సార్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో సముద్రం ఊసెత్తకు. సంక్రాంతి తర్వాత చలి ఉండగానే, ఎక్కడ స్ప్రింట్ పోటీ ఉంటే అక్కడికి వెళ్దాం. నేనూ వస్తాను, నీ సంచీ మోస్తాను.

ప్రస్తుతానికి ఒక్క పని చెయ్యి. వచ్చే రెండో శనివారం బ్యాంకు సెలవు కదా, పొద్దున రైలుకి గుంటూరు వెళ్లి ఈత బ్యాచీలో పేరు రాయించుకో. మొదటి నెల ఫీజు నాది. కొత్త సైకిలు మాట మాత్రం దసరా దాకా నా దగ్గర ఎత్తకు.

నీ పెద్దమ్మ,
తెనాలి